జంట చిల్లర

ఇంకా తెల్లారలేదు. ఓజోటా బస్టాపులో
పసుపు డాన్‌ఫో తలుపుకి వేలాడుతూ సికిరు అరుస్తున్నాడు:
"చిల్లరుంటేనే ఎక్కండి! తర్వాత నాతో పేచీ వద్దు!"
నా దగ్గర ఉన్నది ఒక్కటే వెయ్యి నైరాల నోటు.
తల దించుకుని ఎక్కాను,
దొంగసొమ్ము దాచుకున్నట్టు.

ముగ్గురి బల్ల మీద నలుగురం.
నా తొడ కింద స్ప్రింగొకటి తన బతుకు తాను బతుకుతోంది.
కాళ్ల దగ్గర నేల తుప్పుపట్టి అరచేయంత కన్నం,
అందులోంచి రోడ్డు కనిపిస్తుంది.
కనిపించడమే గానీ కదలదు.
పావుగంటగా ఒకే సిగరెట్టు పీకని చూస్తున్నాను,
దానికీ నేను అలవాటైపోయి ఉంటాను.

వంతెన కింద ఉప్పునీళ్లు,
నీళ్ల మీద మకోకో కర్రఇళ్లు,
ఇళ్ల మీద చేపలు ఎండబెట్టే పొగ.
ఆ పొగ కూడా మాకంటే ముందు వెళ్లిపోతోంది.

వెనక సీటులో ఒకాయన లేచాడు,
నిలబడే ఎత్తు లేక మెడ వంచి,
"అంత్యదినాలు దగ్గరపడ్డాయి!" అని మొదలెట్టాడు.
"ఒబలెండే ఎప్పుడు దగ్గరపడుతుందో చెప్పు, పాస్టరూ"
అంది కోడిగుడ్ల బుట్ట ఒళ్లో పెట్టుకున్న ఆవిడ.
అందరం నవ్వాం. పాస్టరు కూడా.
ఆ ఉదయంలో ముందుకు కదిలింది అదొక్కటే.

టిక్కెట్టు ఏడువందల యాభై.
నిన్న ఏడువందలు. ఎందుకని అడిగితే
సికిరు ఆకాశం వైపు చూపించాడు.
వాన పడలేదు. పడొచ్చట.

ఆ తర్వాత ఐదువందల నోటొకటి
నా పక్కనున్న బక్కపలచటి మనిషి చేతిలో పెట్టి
"నువ్వూ, ఈ ఆంటీ. చెరిసగం" అన్నాడు.
అంతే. పురోహితుడు లేడు, మేళం లేదు,
కొంగుముడి పడిపోయింది.

ఆయన ఒబలెండేలో దిగాలి.
నేను దిగాల్సింది మెరీనాలో.
నోటు ఆయన గుప్పిట్లో ఉంది కాబట్టి
నేనూ ఒబలెండేలో దిగాను,
పూర్తిగా ఆగని బస్సులోంచి, ఎడమ కాలు ముందు పెట్టి.

పేరు ఎసోసా అట. తాళాలు బాగుచేస్తాడట.
ఎంతటి తాళమైనా తెరుస్తాడుగానీ
ఈ నోటుని విప్పేవాడు దొరకలేదు మాకు.
ఫోను కార్డులమ్మే కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.
నారింజలు ఒలిచే ముసలమ్మ "బోణీ కాలేదు, నాయనా" అంది.
ఆయన గడియారం చూసుకుంటాడు, నేను ఆయన్ని చూసుకుంటాను,
పారిపోతాడేమోనని.
సిగ్గు లేకుండా చొక్కా చేయి పట్టుకునే ఉన్నాను.
"మొత్తం మీరే ఉంచుకోండి" అన్నాడు చివరికి.
నాకు వద్దు. అప్పు వద్దు.
నాకు కావలసింది నా రెండువందల యాభై,
దాని మీద ఇంకెవరి చెమటా లేకుండా.

ఇద్దరికీ ఆకలి లేకుండానే
కాల్చిన మొక్కజొన్న పొత్తు కొన్నాం, రెండువందలకి.
తలా నూటయాభై, తలా సగం పొత్తు.
ఆయన మోకాలికేసి విరిచాడు.
పెద్ద ముక్క నాకిచ్చి
ట్యాంకర్ల మధ్యలోంచి పరుగెత్తాడు.

పొత్తు కొరుక్కుంటూ మెరీనా దాకా నడిచాను.
ఆసుపత్రి రికార్డుల గదిలో
ఒడుకొయ మేడం ఎర్ర సిరాతో గీత గీసింది.
"మళ్లీ ట్రాఫిక్కా?"
"కాదు మేడం, చిల్లర."
చిల్లర మాటలు మాట్లాడుతున్నాననుకుంది.
పళ్ల సందులో మొక్కజొన్న పొట్టు ఇరుక్కుని ఉంది,
నోరు తెరవలేదు ఇంక.

సాయంత్రం సరిగ్గా ఏడువందల యాభై,
నోటు మీద నోటు మడిచి, గుప్పిట్లో.
విజయగర్వంతో చాచాను.
"ఎనిమిదివందలు" అన్నాడు ఈ బస్సువాడు.
ఆకాశం నిర్మలంగా ఉంది.

బ్యాగు అడుగున వెతికితే మళ్లీ వెయ్యి నోటే తగిలింది.
ఈ రాత్రి నన్నెవరితో ముడేస్తాడోనని
పక్క సీటు వైపు చూశాను.
ఒక కుర్రాడు. నోరు తెరుచుకుని నిద్ర.
బూటు లేసు ఊడి, నేల కన్నంలోంచి
రోడ్డు మీదికి వేలాడుతోంది.
వంగి, దాన్ని పైకి లాగాను.