పద్దెనిమిది ఖాళీలు

తుపాకీ తలకిందులు చేసి
గొట్టం మూతిని బూటు మీద ఆనించి
బట్టు మీద రెండు చేతులూ వేసి తల వంచడం
కైలాసగిరి గ్రౌండులో పదకొండేళ్లుగా నేర్చుకుంటున్నాను.
శోక్ శస్త్ర్, అని ఆర్‌ఎస్‌ఐ గారు అరిస్తే
లెక్క ప్రకారం దుఃఖపడాలి.
ముందే తల వంగితే తిట్లు.

మాజీ మంత్రికి చేశాను.
పేరు పలకడం రాని పెద్ద డాక్టరుకి చేశాను.
విమానం ఆలస్యమైన ఒక శవం కోసం
మూడు గంటలు ఎండలో నించుని మరీ చేశాను.
పెద జాలారిపేటకి తల వంచడానికి రావడం
ఇదే మొదలు.

ఇంతకుముందు లాఠీలతో వచ్చాం.
రింగు వలల గొడవలో, రాత్రి రెండింటికి,
ఈ సందులోనే, ఈ సిమెంటు మెట్ల మీదే నిలబడి
తలుపులు బాదాం. కాలర్ దొరికిన కుర్రాడినల్లా వేన్ ఎక్కించాం.
వాళ్లలో గరికిన ఎల్లాజీ ఉన్నాడో లేడో
నాకు గుర్తులేదు. చీకట్లో
అన్ని మెడలూ చేతికి ఒకేలా తగిలాయి.

ఇవాళ వేన్ పేట మొదట్లోనే ఆగిపోయింది.
సావళ్లు ఆరేసిన తడికలు పక్కకి జరిపి
ఆరుగురం ఒకరి వెనక ఒకరం నడిచాం.
బూట్ల చప్పుడు విని
రెండిళ్ల మగాళ్లు పెరటి దారిన సముద్రం వైపు పరిగెత్తారు.
కాసులమ్మ మాత్రం గడపలోంచి కదల్లేదు.
"ఏటి బాబూ, మళ్లీ ఏటొచ్చినాది?
మావోడు సచ్చిపోనాడు గదా,
ఇంకేటి సేసినాడని వొచ్చినారు?"

ఆర్‌ఎస్‌ఐ బొడ్డేపల్లి గారు ఆర్డరు కాగితం చదివారు.
అవయవదాత, అధికార లాంఛనాలు, అని ఏదో.
చివరికి కాగితం మడిచి
గౌరవం అమ్మా, అన్నారు, గౌరవం ఇవ్వడానికొచ్చాం.
ఎప్పుడూ వలలో పడని చేపని చూసినట్టు
ఆమె ఆ మాటని తిప్పి తిప్పి చూసింది.

నిజానికి ఎల్లాజీ నాకు ముందురోజే ఎదురయ్యాడు,
కొంత.
తాటిచెట్లపాలెంలో రోడ్డు ఆపే డ్యూటీ.
ఆరిలోవ వైపు నుంచి అంబులెన్సు, ముందు పైలట్ జీపు.
హార్బర్లో ఐసు పెట్టెలు మోసిన కుర్రాడి గుండె
ఐసు పెట్టెలో విమానానికి పోతోంది.
నేనప్పుడు ఒక ఆటోవాణ్ణి బూతులు తిడుతూ వెనక్కి నెడుతున్నాను.
గుండెకి నా వీపే కనిపించింది.
అంత వేగంగా పోయేదానికి సెల్యూట్ ఎలా కొట్టాలో
గ్రౌండులో నేర్పలేదు.

శ్మశానం దగ్గర ఒకటే గాలి.
బ్యూగిల్ సింహాచలం పెదాలు ఎండిపోయి
రెండో స్వరం జారింది. సముద్రం హోరులో
ఎవరికీ తెలియలేదు, మాకు తప్ప.
మూడు విడతలు పేల్చాం. కాకులు లేచి
మళ్లీ అక్కడే వాలాయి.

ఉత్త తూటాలే. అయినా లెక్క లెక్కే.
పద్దెనిమిది తీసుకున్నాం,
పద్దెనిమిది ఖాళీలు కోత్‌లో అప్పగించాలి.
చితి ఇంకా సరిగా అంటుకోకముందే
మేం మోకాళ్ల మీద ఇసుక దేవుతున్నాం.
దూరం నుంచి చూసినవాళ్లకి
ప్రార్థనలా కనిపించి ఉంటుంది.

పదిహేడు.

పద్దెనిమిదోది ఎల్లాజీ అక్క కొడుకు నోటి దగ్గరుంది.
దాని అంచు పెదవికి ఆనించి ఈల ఊదుతున్నాడు,
సింహాచలం కంటే బాగా.
ఆరుగురిలో ఎవరికీ అడగడానికి నోరు రాలేదు.
ఆడవాళ్లు రాకూడదన్నా వినకుండా వచ్చిన కాసులమ్మే
వాడి పిడికిలి ఒక్కో వేలూ విప్పి
ఇసుకని కొంగుతో తుడిచి
నా అరచేతిలో పెట్టింది.
ఆస్పత్రి కాగితాలన్నిటి మీదా ముద్ర వేసిన బొటనవేలు
ఇంకా నీలంగానే ఉంది.

"లెక్క సరిపోయినాదా, బాబూ?"

సరిపోయిందన్నాను.
రిజిస్టర్లోనూ అదే రాశాను.