కాకిబంగారం

సైదాపురం కాడ గని మూతబడి ముప్పయ్యేళ్లు.
వాన వెలిసిన పొద్దు
దారి పొడుగునా ఇంకా మెరుస్తుంది పొట్టు,
మేకల గిట్టల్లో, సైకిలు చక్రాల్లో,
ఎండబోసిన వడ్లలో కూడా.

మా జేజి పెంచలమ్మ
పన్నెండేళ్లకే షెడ్డులో చేరింది.
కొడవలి మొనతో పలక అంచు మీటి
ఊదితే లేచిపోయే రేకు తీసేది.
కింద పెట్టిన వేలి గీతలు కనపడితే మొదటి రకం,
మసకైతే రెండో రకం,
కనపడకపోతే తుక్కు.
అంతే ఆమె చదువు.
ఆ రేకులు విమానాల కడుపుల్లోకి పోతాయని
మేస్త్రీ జిలానీ చెబితే
విమానానికి కడుపేందని నవ్వుకునేవాళ్లంట ఆడోళ్లు.

ఆమె అన్న మస్తానయ్య పటాలంలో పోయాడు.
బర్మా దాటాడు, మలయా దాటాడు.

నలభై అయిదు, ఆగస్టు ఆరు.
షెడ్డు పద్దు పుస్తకం చెదలు తినగా మిగిలింది ఇది:
హాజరు నలభై ముగ్గురు.
రెండో రకం పదకొండు వీశెలు.
సుబ్బులుకు వేలు తెగి, పూట కూలి కోత.
ఆ రోజు లోకంలో
అంతకన్నా పెద్ద సంగతి నాకు ఎక్కడా దొరకలేదు.

యుద్ధం ఇంకో పదహారు నెలలు నడిచింది.
ఓడల్ని ఆపారు, బియ్యాన్ని ఆపారు,
ఒక్కో రేవూ మనుషుల్ని పోసి పట్టుకున్నారు.
అయిపోయే నెల ముందు, కార్తీకంలో,
పేరు పలకలేని ఒక ఒడ్డున
మోకాటి లోతు నీళ్లలో పడిపోయాడంట మస్తానయ్య.
తంతి గూడూరు నుంచి సైకిలు మీద వచ్చింది.
చదవడం వచ్చిన జిలానీ నెల్లూరు పోయుంటే
రెండు రోజులు చూరులోనే ఉంది,
ఆ రెండు రోజులూ జేజి రేకులు చీలుస్తానే ఉంది.

డెబ్బై మూడులో పేపర్లో పడింది.
అమెరికా వాళ్ల కాడ అప్పుడే ఒక బాంబు ఉండిందంట.
ఎడారిలో పేల్చి చూస్తే ఇసుక గాజైందంట.
ఇంకో రెండు ఓడెక్కించి, దించి,
విమానానికి కట్టి, విప్పి,
మళ్లీ పెట్టెల్లో పెట్టి వెనక్కి తీసకపోయారంట.
ఎవరో పెద్దాయన ఒప్పుకోలేదని ఒక మాట,
మబ్బు పట్టిందని ఒక మాట.
కట్టి విప్పిన ఆ విమానం రేడియోలో
జేజి చీల్చిన రేకు ఉందేమో,
అది మటుకు ఎవరూ రాయలేదు.

వేద్దామనుకున్న ఊళ్ల పేర్లు వేశారు.
నాకు నోరు తిరగలేదు.
ఒకటి ఆల్చిప్పలకు పేరుపడ్డ ఊరని
సైన్సు అయ్యోరు చెప్పాడు, అదీ అనుమానంగానే.

టీ అంగట్లో మా నాయన బల్ల చరిచాడు:
"వేసుంటే పోయేది గదా!
ఒక్క పూటలో అయిపోయేది.
మా మామ ఇంటికొచ్చుండు."
ఎవరూ ఎదురు చెప్పలేదు.
గ్లాసులు కడిగే పిల్లోడు కూడా నీళ్లు ఆపేశాడు.

సాయంత్రం జేజికి చదివి వినిపించా,
ఒక్క ముక్క వదలకుండా:
ఆ ఊళ్లో ఎంతమంది ఉండేవాళ్లో,
ఎంతసేపట్లో లేకుండా పోయేవాళ్లో.
ఆమెకు అప్పటికే చూపు సగం.
గూట్లో మందు డబ్బా తీసి, గుడ్డ విప్పి,
షెడ్డు నుంచి కొంగున దాచి తెచ్చిన
ఒకే ఒక్క పలక బయటికి తీసింది.
గోటితో మీటింది. రేకు లేచింది.
నా అరచేతిలో పరిచి అడిగింది:
"గీతలు కనపడుతుండాయా?"
"ఆఁ."
"అయితే మొదటి రకమే."

కాసేపు ఊరుకుంది.
"వేసుంటే మా అన్న వచ్చేవాడే.
నేనేం కాదన్ను."
మళ్లీ కాసేపటికి,
"ఆ ఊళ్లో ఆడోళ్లకి కూలెంతబ్బయ్యా?"

పేపరు అటూ ఇటూ తిప్పి వెతికా.
లేదన్నా.

"అది రాయకుండా
ఏం రాసినట్టు వాళ్లు," అని
డబ్బా మూత గట్టిగా నొక్కి
పొయ్యి కాడికి పోయింది.

ఆ రేకు నా దగ్గరే ఉంది, పాత రసీదుల మధ్య.
ఒక్కోసారి కిటికీకి ఎదురు పెట్టి చూస్తా.
ఆగస్టు ఎండ దాంట్లోంచి వస్తే
కొంచెం పసుపు.
అంతే.