బరువెత్తే పద్ధతి

మా గేరీలోనూ ఒక బ్రాడ్‌వే ఉంది.
ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై
మూతపడిన సినిమా హాలు మీదుగా
దక్షిణానికి సాగిపోతుంది.
కొలుములు ఆరేకొద్దీ తెల్లవాళ్ళు ఊరొదిలారు.
మిగిలినవాళ్ళం, నల్లవాళ్ళం, అక్కడే నడిచాం.
"అర్జీలియా ప్రూయిట్ బ్రాడ్‌వే దాకా చేరలేకపోయింది"
అని షికాగో పేపరు రాసిన పొద్దున
ఆమె పార పట్టుకుని బయటికొచ్చి
గుమ్మం ముందు మంచు తోస్తూ నవ్వింది:
"రోజూ ఊడ్చేది నేనే కదా దీన్ని!"

ఆమె బడి ఒక పాత టైర్ల కొట్టు.
ఎంత తోమినా పోని నూనె మరకల్ని
నిలబడే గుర్తులు చేసుకుంది.
"డెల్మార్, నీది పెద్ద మరక.
మీ చెల్లిది తోక ఉన్న మరక. కదలకండి."
నాకప్పుడు పదకొండేళ్ళు.
డాన్సంటే ఎగరడం అనుకుని వచ్చాను.
నెలంతా సిమెంటు బస్తా ఎత్తించింది.
"వెన్ను కాదురా, మోకాళ్ళు వంచు.
బరువుని ఒంటికి దగ్గరగా తీసుకో.
పరాయిదానిలా దూరంగా పట్టుకున్నావో,
అదే నిన్ను పడేస్తుంది."

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు పిండే ఆడవాళ్ళు
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాళ్ళు.
వాళ్ళకి ఆమె ఏమీ నేర్పలేదు.
పెన్సిలు చెవిలో పెట్టుకుని కూర్చుని
"ఇంకోసారి పిండండమ్మా" అనేది.
ఒక భుజం లేవడం, ఒక మడమ తిరగడం,
తడిబట్ట బరువుకి నడుము చెప్పే జవాబు.
ఆమె మొదటి నృత్యం అదే.
చూడ్డానికొచ్చిన లాండ్రీ సూపర్‌వైజరు
సగంలో లేచి పోయాడు.
అంతకంటే మంచి సమీక్ష తనకి రాలేదంటుంది.

ఒక ఫిబ్రవరిలో
ఓథెలా క్రెన్షా సామానంతా
షెరీఫ్ మనుషులు వీధిలో పెట్టారు.
సోఫా, మంచం, తలుపు రాని ఫ్రిజ్,
పోయిన మొగుడి బౌలింగ్ బంతి.
సరస్సు గాలి చెవులు కోస్తోంది.
మేం పన్నెండు మందిమి.
అర్జీలియా తొడమీద తాళం వేసింది.
ఎనిమిది లెక్కకి సోఫా లేచింది.
ఎనిమిదికి మలుపు. ఎనిమిదికి భుజం మార్పు.
ఆ ఇంటి చుట్టూ మూడుసార్లు మోశాం
సోఫాని, సోఫాలో ఓథెలాని,
ఓథెలా ఒళ్ళో బంతిని.
చుట్టుపక్కలవాళ్ళు కిటికీల్లోంచి చూశారు మొదట.
తర్వాత కోట్లు తొడుక్కున్నారు.

అబద్ధం చెప్పను. తాళం మార్చేశారు.
ఓథెలా మా అమ్మ గదిలో చలికాలం గడిపి
టొలీడోలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయింది.
ఉత్తరం ముక్క రాయలేదు.

కానీ ఆ మే నెలలో
నగర మండలి సమావేశానికి అరవై ముగ్గురం వెళ్ళాం.
"దయచేసి కూర్చోండి" అన్నాడు అధ్యక్షుడు.
కూర్చున్నాం,
ఎనిమిది లెక్కకి ఒక్కో అంగుళం.
పూర్తిగా కూర్చునేసరికి రెండు నిమిషాలు పట్టింది.
ఆ రెండు నిమిషాలూ ఎవరూ దగ్గలేదు.
చలికాలంలో ఎవర్నీ బయటికి నెట్టకూడదన్న కాగితం
రెండేళ్ళ తర్వాత,
సగం మాటలు కొట్టేసుకుని, పాసయింది.

షికాగో థియేటరువాళ్ళు ఆ డాన్సు అడిగారు.
సోఫా మాత్రం థర్మకోల్‌తో చేయిస్తామన్నారు.
"ఓథెలాని దేంతో చేయిస్తారు?"
అని ఫోను పెట్టేసింది.
ఆ డబ్బుతో మా కప్పు బాగయ్యేది.
ఇంకో మూడేళ్ళు బకెట్ల మధ్యే ఆడాం.
చాలాకాలం నేనామెని క్షమించలేదు.

ఇప్పుడు సిటీ బస్సు నడుపుతున్నాను.
ఆదివారం సాయంత్రాలు
ఆమెని కుర్చీలోంచి మంచం మీదికి చేర్చే పని నాది.
ఆ మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి.
నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది.
"వెన్ను!" అని గదమాయిస్తుంది.
మోకాళ్ళు వంచుతాను.
ఒంటికి దగ్గరగా తీసుకుంటాను.
ఎంత తేలిగ్గా ఉందో ఆమెకి చెప్పను,
సిమెంటు బస్తా ఎత్తుతున్నట్టే మూలుగుతాను.
ఒకటి, రెండు, మూడు...
"తొందరపడుతున్నావు," అంటుంది.
"దించు. మళ్ళీ మొదట్నించి."