పొడి మోచేతులు

ఎర్రగుంట్ల దాటినాక
బండల పాలిష్ మిషన్ల వెనక మా మదరసా.
కిటికీ చువ్వల మీద, మా టోపీల మీద,
మూత మరిచిన పప్పుగిన్నెలో కూడా
నాపరాయి దుమ్ము.

నలభై చాపలు ఒకే హాల్లో.
డిసెంబర్లో ఆ బండలు
చాపలోంచి పైకొచ్చి వీపును కొరికేవి.

ఫజర్‌కి ముందు హాఫిజ్ ఇనాయతుల్లా సాబ్ వచ్చేవారు.
చేతిలో కర్ర ఉండేది, నిజమే,
అది ట్యాంకులో నీళ్లు కొలిచే కర్ర.
మమ్మల్ని లేపేది మాత్రం బొటనవేలు పట్టుకునే,
ఊరి పేరుతో సహా పిలిచి:
"ముద్దనూరు షాకీరూ...
కొండాపురం మునీరూ...
మైలవరం, మైలవరం..."
కండక్టర్ కేకేసినట్టుండేది.
మా స్టాపు దాటిపోతుందేమోనని
ఉలిక్కిపడి లేచేవాళ్లం.

నాకు చలి. చలికన్నా బద్ధకం.
మొహాన నాలుగు చుక్కలు, వేళ్ల కొసలు తడి,
చొక్కా చేతులు కిందికి లాక్కుని
వజూ అయిపోయినట్టు సఫ్‌లో నిలబడేవాణ్ని.
మోచేతుల సంగతి ఎవడు చూడొచ్చినాడు?

ఒకరోజు దువాకి చేతులెత్తితే
చొక్కా జారింది.
మోచేతి మీద నిన్నటి దుమ్ము,
తెల్లగా, చెక్కుచెదరకుండా.
ఆయన చూసినారు.
ఏమీ అనలేదు.
నా చొక్కా చేతిని తనే కిందికి లాగి
గుండీ పెట్టినారు.

మర్నాడు నా చేతికి బధ్నా ఇచ్చి
"ట్యాంకరు రాలేదబ్బీ,
నువ్వు పోస్తా ఉండు, వీళ్లు కడుక్కుంటారు" అన్నారు.
ట్యాంకరు రానందుకో, నా కోసమో
ఇప్పటికీ తెలీదు.

ఎనభై మోచేతులు.
గజ్జి మానినవి, బండ గీరుకుపోయినవి.
చిన్నోడు రఫీకుది కోడిపిల్ల మెడంత;
నీళ్లు తగలగానే వణికి, పళ్లు టకటకమంటుంటే
"అన్నా, ఇంకొంచెం పొయ్యి, తడవలే" అన్నాడు.
వాడి మొహం చూడలేకపోయినాను.

ఆఖర్న ఆయనే వచ్చి చేతులు చాచినారు.
ఎడమ మోచేయి పూర్తిగా వంగదు.
చిన్నప్పుడు నమాజు తప్పినందుకు
ఎవరో ఉస్తాద్ విరగ్గొట్టిందట.
ఆ సంగతి చాన్నాళ్లకు
వంటామె జైనబ్బీ చెప్పింది, ఉల్లిపాయలు తరుగుతా.

బధ్నా ఊపి చూసి, "ఇంకా ఉన్నాయే" అని
నా చేతుల మీద తనే వంచినారు.
దుమ్ము బురదై జారింది.

ఇప్పుడు నేనూ బండలు పాలిష్ పడతాను.
పొద్దస్తమానం మోచేతుల దాకా నీళ్లే,
దాన్ని వజూ అనరు.
నిన్న ఫజర్ తప్పింది, అబద్ధమెందుకు.
కళ్లు తెరిచేసరికి గోడ మీద ఎండ.
ఒళ్లంతా దుప్పట్లోనే ఉంది,
కాలి బొటనవేలు ఒక్కటే
బయట.