ఆరు సూదులు

పోయిన బుధవారం పడవలో వచ్చింది ఈ తెర.
తార్తు విశ్వవిద్యాలయం వాళ్ళు పాతదని తీసేశారు,
నాకు కొత్తదే.
ముప్పై అంగుళాలు. బల్ల మీద నిలబెడితే
కిటికీలోని సముద్రం సగం కనిపించకుండా పోయింది.

తగిలించాను. వెలిగింది.
అక్షరాలు గుమ్మడికాయలంత.
సెట్టింగుల్లోకి వెళ్తే ఒకటే అంకె:
పన్నెండు వందల ఎనభై, ఎనిమిది వందలు.
దాని పైన ఇంకేమీ లేదు,
మెట్లు మధ్యలోనే ఆగిపోయిన మేడలా.
డ్రైవర్ తీసేశాను, మళ్ళీ వేశాను.
ఆపాను. కాఫీ కాచుకున్నాను. మళ్ళీ పెట్టాను.
అవే గుమ్మడికాయలు.

నా పని సీల్‌లను లెక్కపెట్టడం.
ఫిబ్రవరి చివర సారెమా పడమటి మంచు మీద
చిన్న విమానం చుట్టి చుట్టి ఫొటోలు తెస్తుంది.
తల్లులు తేలికే, దుప్పటి మీద ఒలికిన తారు.
పిల్లల దగ్గరే చిక్కు.
పుట్టిన మూడు వారాలూ పిల్ల తెల్లన,
మంచూ తెల్లన.
తెలుపులో తెలుపుని వెతికినందుకే నాకు జీతం.

"పెద్దది చేసి చూడొచ్చుగా, హెల్యు" అన్నాడు తానెల్,
పైలట్ కదా, వాడికన్నీ పైనుంచి సులువు.
చూడొచ్చు. కానీ పెద్దది చేస్తే
మంచుకి మొదలేదో చివరేదో మరిచిపోతాను,
లెక్కపెట్టిన పిల్లనే మళ్ళీ లెక్కపెడతాను.
మొత్తం పలక ఒక్కసారే కళ్ళముందుండాలి నాకు,
చేట నిండా బియ్యం ఉన్నట్టు.

మర్నాడు రేవు వెనక ఎండెల్ కొట్టుకి వెళ్ళాను.
చేపల పడవల రాడార్లు బాగుచేసే మనిషి.
తీగ తీసుకుని, దాని నోరు తెరిచి చూసినట్టు చూసి నవ్వాడు.
"పళ్ళు లేవమ్మా దీనికి."
అటు తొమ్మిది సూదులు, ఇటు తొమ్మిది, నడుమ ఖాళీ.
ఊడిపోయాయా?
"మొలిస్తేగా ఊడటానికి! చవగ్గా వస్తుందని అలాగే చేస్తారు.
నీ తెర నాలుగు చుక్కలు అడుగుతోంది,
ఇది మోయగలిగింది ఒక్కటే.
ఆ ఒక్కదాన్నే నాలుగు చోట్లా పూస్తోంది తెర, పాపం."
సొరుగు మొత్తం నేల మీద బోర్లించి
మొండి పాములాంటి లావుపాటి తీగ ఒకటి లాగాడు.
డబ్బు వద్దన్నాడు.
పొగబెట్టిన లెస్త్ చేపలు రెండు ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చి లెక్కపెట్టాను, అలవాటు. ఇరవై నాలుగు.
మరలు బిగించాను. తెర నల్లబడింది.
ఎంతసేపో నల్లగానే ఉంది.
ఆ తర్వాత అక్షరాలు చీమలయ్యాయి,
నేను కళ్ళజోడు కోసం తడుముకున్నాను.

ముప్పై ఏడో ఫొటో.
నిన్న దాని పక్కన రాసుకున్నాను:
తల్లి ఒకటి, ఒంటరి, పిల్ల చనిపోయి ఉండొచ్చు.
తల్లికి బారెడు దూరంలో, మంచు మీద
మూడు నల్లచుక్కలు.
రెండు కళ్ళు. ఒక ముక్కు.
విమానం చప్పుడుకి తలెత్తి
తిన్నగా నావైపే చూస్తోంది.

నిన్నా చూసింది. మొన్నా చూసింది.
ఆ కాస్త నలుపునీ చుట్టూ ఉన్న మంచుతో సర్దేసి
నాకు మంచే చూపించింది తెర.

తీగ మారిస్తే డొంకంతా కదిలింది.
ఆదివారం రాత్రికి పిల్లలు నూట అరవై కాదు,
రెండు వందల పంతొమ్మిది.
ఎగిరి గంతేశాను, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో.
గంతు దిగేలోపే గుర్తొచ్చింది
పోయినేటి నివేదిక.
అచ్చయింది. సంతకాలయ్యాయి.
"పిల్లల సంఖ్య ఆందోళనకరంగా తగ్గింది":
ఆ వాక్యం నాది.
అప్పటి తెర దీనికన్నా చిన్నది,
తీగ మాత్రం ఇదే, పళ్ళు మొలవనిదే.
అంతకు ముందటేడూ ఇదే.

తానెల్‌కి చెప్పలేదింకా.
తార్తుకి ఉత్తరం మొదలుపెట్టి
"గౌరవనీయులకు" దగ్గర ఆపాను.

తెరని జానెడు పక్కకి జరిపాను.
సముద్రం కొంచెం వచ్చింది కిటికీలోకి, బూడిదరంగుగా.
పాత తీగని చుట్టి మేకుకి తగిలించాను,
పారేయడానికి చెయ్యి రాలేదు.
పోయినేటి మొదటి ఫొటో తెరిచాను.

ఒకటి.