వాకోవర్

రూలు ప్రకారం పావుగంట చూడాలి.
చూస్తున్నాం.

కాశీనగరం హైస్కూలు గ్రౌండులో
ఇటువైపు మావాళ్లు తొమ్మిదిమంది,
అటువైపు గోలు దగ్గర
ఒక ఆవు.

రిఫరీ బిసోయి గారు మళ్లీ వాచీ చూశారు.
పర్లాకిమిడి నుంచి ఆయన పెట్రోలు మాదే, భోజనం మాదే,
ఈల మాత్రం సొంతం.

గోలుకి కట్టిన వల దాలయ్యది.
నిన్నటి దాకా వంశధారలో ఉంది,
ఇంకా చేప వాసన.
ఐదింటికల్లా తిరిగిచ్చేయాలి, లేకపోతే ఆ రాత్రి ఆయనకి వేట లేదు.
అందుకే మా కప్పులో ఎక్స్‌ట్రా టైము లేదు,
సమానమైతే బొమ్మా బొరుసే.

కప్పు నా ఒళ్లో ఉంది.
మిల్లు వాళ్లిచ్చిన ఇత్తడి కప్పు, ఒక చెవి లేదు.
డెబ్బై మూడు ఫైనల్లో
గెలిచినవాళ్లు ఒక చెవి, ఓడినవాళ్లు ఒక చెవి పట్టుకు లాగారట.
ఊడొచ్చిన చెవి మా నాన్న చేతిలో ఉండిపోయింది.
ఇప్పుడది మా దొడ్డి తలుపుకి గొళ్లెం.

పీట చుట్టూ చెక్కిన పేర్లు:
కొత్తూరు, గుణుపురం, సెరంగో,
పాతపట్నం రెండుసార్లు, అక్షరాలు వంకర.
ఆ తర్వాత చోటు లేదు.
మొన్నటి విజేతల్ని కాగితం మీద రాసి
టేపుతో అంటించాను.
చెమట చేతులు తగిలి ఆ ఊరి పేరు సగం పోయింది.

చిన్న రైలు తిరిగిన రోజుల్లో
గ్రౌండు దగ్గర డ్రైవరు కాస్త నెమ్మది చేసేవాడు.
బూట్లు మెడలో వేలాడేసుకుని
జట్టుకి జట్టే దూకేసేది.
పట్టాలు వెడల్పు చేశారు.
చేసినన్నాళ్లూ ఎవరూ రాలేదు,
రాకపోవడం అలవాటయింది.
పెద్ద రైలు బాగుంటుంది. ఫ్యాన్లు తిరుగుతాయి.
స్టేషన్‌లో తప్ప ఆగదు.

జిల్లా సంఘానికి దరఖాస్తు పెట్టాను.
ఒడియాలో రాసుకు రమ్మన్నారు, రాసుకుపోయాను.
గ్రౌండుకి కంచె ఉందా అన్నారు, అంబులెన్సు ఉందా అన్నారు,
నలుగురు ఆటగాళ్లవి అవతలి రాష్ట్రం కార్డులేమిటన్నారు.
అవతలికి వెళ్తే
గ్రౌండు ఇవతల ఉంది కదా బాబూ, అని టీ ఇచ్చారు.
కిందటి వానల్లో ఒక బంతి ఏట్లో పడింది.
మూడోనాడు హిరమండలం దగ్గర తేలిందట.
దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఎడమకాలి ఎలియాజరు కేరళలో ప్లైవుడ్ పనిలో ఉన్నాడు.
అక్కడ రాత్రిపూట ఏడుగురాట ఆడతాడు,
మ్యాచికి ఎనిమిది వందలు.
ఫోన్లో డబ్బు సంగతి చెప్పలేదు.
"సెక్రెటరీ బాబూ, ఇక్కడ లైట్లున్నాయి" అన్నాడు,
అంతే, కాసేపు ఇద్దరం ఊరుకున్నాం.

ప్రైజు మేక గుంజకి కట్టి ఉంది.
ఫిక్చరు కాగితం ఎవడో దాని పక్కన పెట్టాడు.
సెమీఫైనల్ దాకా నమిలేసింది.
నయమే, సెమీఫైనల్‌కి మిగిలింది మేమొక్కళ్లమే.

పావుగంట అయింది.
ఈల.
ఖాళీ గోల్లో బంతి వేస్తే ఫైనల్‌కి వెళ్లినట్టే.

"నేనేస్తాను బాబూ" అన్నాడు ఇస్సాకు గమాంగు.
గోలీ. పుట్టి బుద్ధెరిగి ఒక్క గోలు కొట్టలేదు.
గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి
బంతిని తరుముకుంటూ పోయాడు,
ఆవు తప్పుకుంది.
గీత ముందు ఆగిపోయాడు.
వెనక్కి తిరిగి
"ఎవుడైనా అడ్డంగా నిల్చోండర్రా,
నాకు సిగ్గేస్తంది" అన్నాడు.

వల కోసం అప్పుడే వచ్చిన దాలయ్య
బీడీ పారేసి, లుంగీ ఎగ్గట్టి,
గోల్లో నిల్చున్నాడు.
వల తనదే. చేతులు చాపాడు.

మొదటిది ఆయన పొట్టకి తగిలి తిరిగొచ్చింది.
బిసోయి గారు పుస్తకంలో ఏం రాసుకున్నారో తెలీదు.
ఐదవడానికి ఇంకా పది నిమిషాలుంది.
నేను కప్పుని ఉన్న చెవితో పట్టుకుని లేచాను.
ఇస్సాకు మళ్లీ వెనక్కి నడుస్తున్నాడు,
అడుగులు లెక్కపెట్టుకుంటూ.