కాంటా మీది గది

మిర్యాలగూడెంల రైసుమిల్లు కాంటా మీద
నెలకు నాలుగు వేల గది.
కిటికీ తెరిస్తే కీబోర్డు నిండ ఊకబూడిద,
మూస్తే ఉడుకువడ్ల వాసన ఆగుతదా అంటే, ఆగదు.

రాత్రి పదకొండుకు సుదర్శన్ పంపిన మార్పు:
నాలుగు వందల పన్నెండు టెస్టు ఫైళ్లు.
ఆ కొత్త ప్రాసెసర్ నేనింక చేత్తో ముట్టలే,
ఏ దుకాణంల దొరకదు.
దాని ఇన్‌స్ట్రక్షన్లు మాత్రం పుస్తకంల ఉన్నయి.
పాతది మూడడుగుల్ల చేసేది
ఇది ఒక్కడుగుల చేస్తదట,
పదహారు గడులు ఒక్కపారే నింపుతదట.

ఎర్రగీతలు మూడు పోయినయి, పచ్చది ఒకటొచ్చింది.
ఎర్ర మూడు, పచ్చ ఒకటి.
అరవయ్యో ఫైలు కాడ కన్ను చదువుడు మానేసి
రంగులు చూసుడు మొదలువెట్టింది.

"అన్ని స్క్రిప్టే తిరగరాసింది, చూసేదేం లేదు"
అని రాసిండు సుదర్శన్. అబద్ధమేం కాదు.
కంపైలర్ ఏది కక్కితే దాన్నే
ఇదే రావాలె అని రాసిపెట్టే స్క్రిప్టు అది,
పిలగాని జవాబు చూసి
పంతులు తన కాయితం దిద్దుకున్నట్టు.
అన్ని పాసయినయి. ఎందుకు కావు?

కింద లారీ ఆగింది.
సైదులు బస్తా పొట్టల ఇనుపగొట్టం ఏటవాలుగ గుచ్చి
అరచేతిల వడ్లు పోసుకొని, ఉఫ్ అని ఊది,
ఒక గింజ కొరికి "పచ్చి" అన్నడు.
పైవరుస బస్తా కాదది, నడిమిది.
"మీటరు పదహారే చూపిస్తుంది గదన్నా."
"మీటరు నీది, పన్ను నాది."

నేను సుత నడిమికి పోయిన.
నూట తొంభయ్యో ఫైలు, మాస్కు టెస్టు.
మూసిన గడిల సున్నా పడాలె అంటది పుస్తకం.
పచ్చగీతల ఆ సున్నా గుర్తు లేదు.
నిన్నటి రైతు వడ్లు అడుగున మిగిలిన డబ్బాతోని
ఇయ్యాల్టి రైతుకు కొలిచినట్టు
పాత లెక్క గడిల అట్లనే కూసుంది.

గీత కింద రాసిన:
"ఇది వచ్చిందా, ఇదే రావాల్నా?"

రెండు గొట్టంగ సుదర్శన్ జవాబు:
"అరె, అవును. మిగతయి చూసినవా?"

చూడలే.
చాయ్‌కి కిందికి దిగిన. సైదులు ఒక గింజ చేతిలవెట్టిండు.
కొరికిన. టక్కుమన్నదో, మెత్తగ నలిగిందో
నాకు తేడానే తెల్వలే.
"ఇంకో బస్తెడు కొరకు, తెలుస్తది" అని నవ్విండు.

పైకొచ్చి తెరిచిన,
నూట తొంభై ఒకటి.